ఊరికి చేరని నోటీసు.. విద్యార్థికి కోల్పోయే ఏడాది

* ప్రకటనలు, గడువులు, సభలపై అవగాహన అవసరం
* సారస్వత నికేతనం చరిత్ర చూపుతున్న దారి

వేటపాలెం: ఉదయం రైలో బస్సో ఎక్కి చీరాల, బాపట్ల, ఒంగోలు, గుంటూరు వైపు కళాశాలలకు వెళ్లి, పొద్దుగూకిన తర్వాత ఇల్లు చేరే విద్యార్థులు వేటపాలెం పరిసర గ్రామాలలో ఎందరో ఉన్నారు. వీరిలో అనేకులు మగ్గం, జీడిపప్పు పని, సేద్యంపై ఆధారపడిన కుటుంబాల పిల్లలు. చివరి గంట కొట్టగానే రైలు అందుకోవలసిన వీరు సాయంత్రం జరిగే సభకు ఉండలేరు. మధ్యాహ్నం తర్వాత బోర్డుపై అతికించిన కాగితాన్ని మరునాటి వరకు చూడలేరు. వసతి గృహంలో ఉండేవారికి నోటిమాటగా అందే సమాచారం ఊరి నుంచి వచ్చిపోయే వారికి అందదు.

ఈ లోటు చిన్నది కాదు. పరీక్ష రుసుము చెల్లింపు గడువు దాటితే అపరాధ రుసుము పడుతుంది. అదీ దాటితే ఆ పర్యాయం పరీక్షకు కూర్చునే అవకాశం పోతుంది. ఉపకార వేతనం దరఖాస్తు తేదీ తప్పితే ఆ భారం తల్లిదండ్రులపై పడుతుంది. చదువులో వెనుకబడి కాకుండా, కేవలం ఒక కాగితం చూడకపోవడం వల్ల ఏడాది కోల్పోవడం పేద కుటుంబానికి మోయలేని నష్టం.

ఏ విశ్వవిద్యాలయం.. ఏ ప్రకటన?

తాను చదివే కోర్సు ఏ విశ్వవిద్యాలయ పరిధిలో ఉన్నదో విద్యార్థి ముందుగా తెలుసుకోవాలి. ఒకే వీధిలో ఉండే ముగ్గురు విద్యార్థులకు మూడు వేర్వేరు క్యాలెండర్లు ఉండవచ్చు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల డిగ్రీ, పీజీ విద్యకు 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం చిరకాలం కేంద్రంగా ఉన్నది. ఒంగోలులో ఆ విశ్వవిద్యాలయానికి ఉన్న పీజీ కేంద్రం స్థానంలో తరువాత ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వెలసింది. ఇంజినీరింగ్ కళాశాలలు అనేకం కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోకి వస్తాయి. 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాల ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినది.

స్వయంప్రతిపత్తి గల కళాశాలలు పరీక్షలను తామే నిర్వహించుకుంటాయి. పట్టా మాత్రం విశ్వవిద్యాలయమే ఇస్తుంది. అటువంటి కళాశాల విద్యార్థి విశ్వవిద్యాలయ పరీక్షల ప్రకటన చూసి తనకు వర్తిస్తుందని భావిస్తే పొరపాటే. పక్కింటి అబ్బాయికి సెలవని తానూ ఇంట్లో ఉండిపోవడం కూడా ఇటువంటిదే.

కాగితంలో చూడవలసినవి

ప్రకటన కనబడగానే అందరూ పరీక్ష తేదీ చూస్తారు. దానికంటే ముందు చూడవలసినవి నాలుగు ఉన్నాయి. మొదటిది, ఆ ప్రకటన ఏ సంవత్సరంలో చేరిన వారికి, ఏ సెమిస్టర్‌కు వర్తిస్తుందన్నది. పాఠ్యప్రణాళిక మారినప్పుడు పాత విద్యార్థులకు వేరుగా పరీక్షలు జరుగుతాయి. రెండవది, రెగ్యులర్ పరీక్షలకా, సప్లిమెంటరీకా అన్నది. మూడవది, అపరాధ రుసుము లేకుండా చెల్లించే గడువు, రుసుముతో చెల్లించే గడువు. నాల్గవది, విద్యార్థి కళాశాలలో చెల్లించవలసిన తేదీ, కళాశాల విశ్వవిద్యాలయానికి జమ చేయవలసిన తేదీ. ఈ రెండింటినీ ఒకటిగా భావించి చివరి రోజు వరకు ఆగినవారు నష్టపోతారు.

ఫోన్లలో తిరిగే ప్రకటనల విషయంలో జాగ్రత్త అవసరం. గత ఏడాది కాగితమే కొత్తదిగా చేతులు మారుతుంటుంది. ప్రకటన సంఖ్య, తేదీ, పరీక్షల నియంత్రణాధికారి లేదా రిజిస్ట్రార్ సంతకం ఉన్నాయో లేదో చూసి, విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌తో సరిపోల్చుకోవాలి. ఫలితాలు వెలువడిన తర్వాత పునర్మూల్యాంకనానికి కొద్ది రోజుల గడువే ఉంటుంది. మార్కులు తక్కువ వచ్చాయని బాధపడుతూ కూర్చునేలోగా ఆ గడువు దాటిపోతుంది.

హాజరు సంగతీ ముఖ్యమే. సాధారణంగా 75 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. కొరవ పడినవారి జాబితాను కళాశాలలు బోర్డుపై ఉంచుతాయి. అనారోగ్యం వంటి కారణాలుంటే వైద్య ధ్రువపత్రం సకాలంలో అందజేయాలి. సెమిస్టర్ చివర తెచ్చే కాగితానికి విలువ తక్కువ.

క్యాలెండర్ అలంకారం కాదు

విద్యాసంవత్సరం ప్రారంభంలో వెలువడే క్యాలెండర్ గోడకు తగిలించే అలంకారం కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2023లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి నిబంధనలు జారీ చేసింది. వాటి ప్రకారం క్యాలెండర్‌లో చెప్పిన కాలానికి మించి పరీక్షలు, ఫలితాలు జాప్యమైనా, విద్యార్థి ధ్రువపత్రాలను తిరిగి ఇవ్వకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు అందిన 15 పనిదినాలలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార సంఘం తన నివేదిక సమర్పించాలి. నిర్ణయం నచ్చకపోతే అంబుడ్స్‌పర్సన్‌ను ఆశ్రయించవచ్చు. ప్రవేశాలు మొదలు కావడానికి కనీసం 60 రోజుల ముందు రుసుములు తదితర వివరాలతో ప్రాస్పెక్టస్ ప్రచురించాలని కూడా ఆ నిబంధనలు చెబుతున్నాయి.

కొత్తగా చేరినవారికి మరో ప్రకటన ముఖ్యమైనది. ర్యాగింగ్ నిరోధానికి 2009లో వచ్చిన నిబంధనల మేరకు విద్యార్థి, తల్లిదండ్రులు ప్రమాణపత్రం ఇవ్వాలి. వేధింపులు ఎదురైతే 1800-180-5522 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

సభలు అందరివీ

ప్రాంగణంలో జరిగే సభలు అధ్యాపకులకే అన్న భావన గ్రామీణ విద్యార్థులలో ఉన్నది. ఇది సరికాదు. స్మారకోపన్యాసాలు, పుస్తకావిష్కరణలకు సాధారణంగా శ్రోతలను ఆహ్వానిస్తారు. పీహెచ్‌డీ పట్టాకు ముందు జరిగే మౌఖిక పరీక్ష సైతం మూసిన తలుపుల వెనుక జరిగేది కాదు. అధ్యాపకులు, ఇతర పరిశోధకులు, ఆ విషయంలో ఆసక్తి గల నిపుణులు హాజరుకావచ్చునని 2022 నాటి నిబంధనలు పేర్కొంటున్నాయి. పరిశోధన చేయదలచిన పీజీ విద్యార్థి అధ్యాపకుల అనుమతితో ఇటువంటి సభను ఒక్కసారి చూస్తే ఎంతో నేర్చుకోగలుగుతాడు.

తేదీ మారని సందర్భాలను ముందే గుర్తుంచుకోవచ్చు. ఆగస్టు 12న గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్.రంగనాథన్ జయంతి, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతి సందర్భంగా తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం, సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం దినోత్సవం జరుగుతాయి. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఫిబ్రవరి 21న అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం, 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం, ఏప్రిల్ 23న ప్రపంచ పుస్తక దినోత్సవం ఉంటాయి. ఈ రోజులలో వక్తృత్వ, వ్యాసరచన పోటీలు సర్వసాధారణం. పేర్ల నమోదుకు మాత్రం కొద్ది రోజుల ముందే ప్రకటన వెలువడుతుంది.

1918 నాటి పాఠం

ప్రాంగణం దూరమైతే ఊరు ఏం చేయాలన్న ప్రశ్నకు వేటపాలెం వంద సంవత్సరాల క్రితమే సమాధానం చెప్పింది. 1918లో కోస్తా తెలుగు జిల్లాలలో విశ్వవిద్యాలయం లేదు. ఉన్నత విద్యకు 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయమే దిక్కు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో గాని రాలేదు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవిర్భవించిన ఆ 1918లోనే ఇక్కడ ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గ్రంథాలయానికి శ్రీకారం చుట్టారు. అదే సారస్వత నికేతనం. దాని భవనానికి 1929లో మహాత్మాగాంధీ శంకుస్థాపన చేశారు.

అది గ్రంథాలయోద్యమ కాలం. 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ మహాసభతో ఊపందుకున్న ఆ ఉద్యమం అయ్యంకి వెంకటరమణయ్య వంటి వారి కృషితో పల్లెలకు పాకింది. పుస్తకాలు ఇవ్వడమే కాక రాత్రి బడులు నడపడం, ఉపన్యాసాలు ఏర్పాటు చేయడం, పత్రికలు చదివి వినిపించడం ఆనాటి గ్రంథాలయాల పనులు. కళాశాల గడప తొక్కలేని వారికి గ్రంథాలయమే ప్రాంగణమైంది.

సారస్వత నికేతనానికి నేటికీ విశ్వవిద్యాలయాల పరిశోధకులు వస్తున్నారు. వారిలో అనేకులు వెదికేది పాత పత్రికలనే. ఫలానా రోజున ఫలానా ఊరిలో సభ జరుగుతుందని, వక్తలు వీరని తెలిపే నాలుగు పంక్తుల ప్రకటన ఆనాడు అతి సామాన్యం. నేడు ఆ సభ జరిగిందనడానికి అదొక్కటే సాక్ష్యం కావచ్చు. ఎవరో ఆ పత్రికను పారవేయక భద్రపరచినందువల్లనే అది దొరుకుతున్నది.

చేయదగినది

ఈనాటి కళాశాల ప్రకటనలు ఫోన్‌లో వచ్చి ఫోన్‌లోనే మాయమవుతున్నాయి. వాటిని ఊరికి చేర్చడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. పరిసర కళాశాలలు తమ క్యాలెండర్, పరీక్షల ప్రకటన, సభల ఆహ్వానం ప్రతిని ఒక్కొక్కటి గ్రామ గ్రంథాలయాలకు పంపితే చాలు. రోజూ వచ్చిపోయే విద్యార్థులే ఆ కాగితాన్ని తెచ్చి ఇవ్వగలరు. బోర్డుపై ఉన్నంత కాలం అది విద్యార్థి ఏడాదిని కాపాడుతుంది. తీసిన తర్వాత తేదీల వరుసలో కుట్టి ఉంచితే మరో తరానికి ఈ ప్రాంత విద్యా చరిత్రను చెబుతుంది.

కళాశాలకు పంపిన తల్లిదండ్రులు సైతం వారానికి ఒకసారి పిల్లలను అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. మార్కులెన్ని వచ్చాయన్నది కాదు. బోర్డు చూశావా అన్నది.