ఆరో నిమిషంలో ఇంజిన్

1944 అక్టోబరు 5న హాలండ్‌లోని నైమేగన్ దగ్గర కెనడా వైమానిక దళం 401వ స్క్వాడ్రన్‌కు ఒక జర్మన్ జెట్ చిక్కింది. అది మెసర్‌ష్మిట్ 262. వేగంలో దాన్ని అందుకోవడం ఆ స్క్వాడ్రన్ నడిపే స్పిట్‌ఫైర్ల తరం కాదు. అయినా అయిదుగురు పైలట్లు తలా ఒక దెబ్బ వేసి కూల్చేశారు.

అలాంటి వేటలో థ్రాటిల్ మీదున్న చెయ్యి వెనక్కి రాదు. స్పిట్‌ఫైర్ 9లోని మెర్లిన్ 66 ఇంజిన్‌కు పైలట్ల పుస్తకంలో రాసిన గరిష్ఠ హద్దు ఇది: నిమిషానికి 3,000 చుట్లు, 18 పౌండ్ల బూస్ట్ (సూపర్‌చార్జర్ ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి), ఇంజిన్‌ను చల్లబరిచే కూలంట్ వేడి 135 డిగ్రీలు. అదీ అయిదు నిమిషాలే.

మరి ఆరో నిమిషంలో ఏమవుతుంది? కంప్యూటర్‌లో యుద్ధవిమానాలు నడిపేవాళ్ల మధ్య తెగని తగవు ఇదే. ‘ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్’ ఆటలో చాలా ఏళ్లు దీనికి గడియారమే తీర్పు చెప్పింది. గడువు దాటిందని తెర మీద హెచ్చరిక వచ్చేది, కాసేపటికి ఇంజిన్ పాడైపోయేది. ‘డీసీఎస్’ అనే మరో ఆటలోని స్పిట్‌ఫైర్‌లో వేడిదే పెత్తనం. రన్‌వే పక్కన ఇంజిన్ నడుపుతూ ఎక్కువసేపు ఆగితే రెక్కల కింది రేడియేటర్లకు గాలి తగలదు, కూలంట్ మరిగిపోతుంది. నేల మీద నిజమైన స్పిట్‌ఫైర్‌కూ ఈ జబ్బు ఉండేది.

చుట్లు పెరిగితే జరిగే నష్టం వేరు. మెర్లిన్‌లో పన్నెండు పిస్టన్లు. 3,000 చుట్ల దగ్గర ఒక్కో పిస్టన్ సెకనుకు వందసార్లు ఆగి వెనక్కి మళ్లుతుంది. అలా మళ్లించే భారమంతా కనెక్టింగ్ రాడ్డు మీదా, బేరింగుల మీదా పడుతుంది. ఆ భారం వేగపు వర్గానికి అనుపాతంగా పెరుగుతుంది. చుట్లు 3,600కి చేరాయంటే వేగం పెరిగింది 20 శాతమే, భారం మాత్రం 44 శాతం. నిట్టనిలువు డైవ్‌లో ప్రొపెల్లర్ రెక్కల కోణం మారగలిగినంతా మారి ఆగిపోతే, ఇక గాలే ప్రొపెల్లర్‌ను, ప్రొపెల్లర్ ఇంజిన్‌ను తిప్పడం మొదలవుతుంది. ఆటలో కొత్తవాళ్ల ఇంజిన్లు ఎక్కువగా పోయేది ఇక్కడే.

వేడి ఇంకో దారిలో వస్తుంది. సూపర్‌చార్జర్ గాలిని కుదించి వేడెక్కిస్తుంది. బూస్ట్ మితిమీరితే, స్పార్క్ దగ్గర పుట్టిన మంట పాకేలోపే మిగిలిన ఇంధనం ఒక్కసారిగా పేలుతుంది. మెకానిక్కుల మాటలో నాకింగ్. అది పిస్టన్ తలకు చిల్లు పెట్టగలదు. ఇక కూలంట్ సంగతి ప్రెషర్ కుక్కర్ లాంటిది: ఒత్తిడి ఉన్నంతసేపే మరగకుండా ఆగుతుంది. రేడియేటర్‌కు ఒక్క తూటా తగిలి ఒత్తిడి పోయిందా, ఇంజిన్‌కు మిగిలేది నిమిషాలే.

ఇవన్నీ నిజమే కానీ అయిదు నిమిషాలకు పేలే బాంబు ఏదీ మెర్లిన్‌లో లేదు. ఆ అంకె ఇంజిన్ ఆయుష్షు లెక్క. 1940 ఆగస్టు 1న ఫైటర్ కమాండ్ అధిపతి డౌడింగ్ తన దళాలకు ఉత్తరం రాస్తూ, అత్యవసర బూస్ట్‌ను పైలట్లు అయినదానికీ కానిదానికీ వాడుతున్నారనీ, బేరింగులు పోతున్నాయనీ మందలించాడు. ఆ నెల్లోనే ఈ 401వ స్క్వాడ్రన్ (అప్పటికింకా దాని పేరు నంబర్ 1) హరికేన్ యుద్ధవిమానాలతో బ్రిటన్ పోరులోకి దిగింది. బూస్ట్ వాడిన పైలట్ సాధారణంగా ఇంటికి చేరేవాడు. అరుగుదల భారం మర్నాడు మెకానిక్ నెత్తిన పడేది. ఆటలో ఆ మర్నాడు లేదు, మెకానిక్కూ లేడు. కాబట్టి రేపు జరగాల్సిన నష్టాన్ని ఇవాళే జరిపించాలి. గడియారం అన్యాయమైనదే, కానీ దాన్ని పూర్తిగా తీసేస్తే అందరూ థ్రాటిల్ చివరిదాకా నెట్టి అక్కడే ఉంచుతారు.

కెనడా చలిలో కథ తిరగబడుతుంది. అక్కడ శత్రువు చల్లబడి చిక్కబడ్డ ఆయిల్. అది బేరింగులకు అందకముందే చుట్లు పెంచితే అవి ఎండి అరిగిపోతాయి. అందుకే రాత్రి ఇంజిన్ ఆపేముందు ఆయిల్‌లో కాస్త పెట్రోలు కలిపి పలచన చేసేవాళ్లు. ఫోర్ట్ విలియం (నేటి థండర్ బే) కర్మాగారంలో 1,400 పైచిలుకు హరికేన్ల తయారీని నడిపించిన ఇంజినీరు ఎల్సీ మెక్‌గిల్, మంచుకోసం స్కీలు తొడిగిన హరికేన్ కూడా రూపొందించింది.

టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో దిగే మనవాళ్లు ఒకప్పటి మాల్టన్‌లో కాలు పెడుతున్నట్టే. ఆ యుద్ధకాలంలో అక్కడ మెర్లిన్లతోనే నడిచే 430 లాంకాస్టర్ బాంబర్లు తయారయ్యాయి. వాటిలో ఒకటైన ‘వేరా’ హామిల్టన్ మ్యూజియంలో ఇప్పటికీ ఎగిరే స్థితిలో ఉంది. 2014లో ఇంగ్లండ్ వెళ్లినప్పుడు దాని నాలుగు మెర్లిన్లలో ఒకటి మొరాయించింది. పాత యుద్ధవిమానాలను ఎగరేసే బ్రిటిష్ వైమానిక స్మారక దళం తన దగ్గరున్న మెర్లిన్‌ను అరువిచ్చింది. పాతది దించి అది బిగించాక వేరా మళ్లీ ఎగిరింది.