సందు ఒక్కటే చూస్తే చాలదు

ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కూర్చున్న నేతకారుడికి ఉన్నట్టుండి కుడిచెయ్యి పట్టు తప్పి నాడె జారిపోయిందనుకోండి. మాట ముద్దముద్దగా వస్తుంది. పది నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది. ‘నరం పట్టేసింది’ అనుకుని మళ్లీ పనిలో పడతాడు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మూటలెత్తే హమాలీ అయినా అలాగే అనుకుంటాడు. చాలాసార్లు అది నరం పట్టేయడం కాదు. మెదడుకు రక్తం కాసేపు ఆగి, మళ్లీ అందింది. దీన్నే డాక్టర్లు టీఐఏ అంటారు. దాని వెంట అసలు పక్షవాతం వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ.

అప్పుడు రాసే పరీక్షల్లో మెడ డాప్లర్ ఒకటి. పడిపోయింది కుడిచెయ్యి కాబట్టి ముఖ్యంగా చూడాల్సింది ఎడమ కెరోటిడ్ ధమనిని. మెడకు జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. సూది ఉండదు, రేడియేషన్ ఉండదు. రక్తం పారే సందు ఎంత మూసుకుపోయిందో, అది ఎంత వేగంగా పోతోందో తెరమీద కనిపిస్తుంది. లక్షణాలు కనిపించి, 70 శాతానికి పైగా మూసుకుపోయినవాళ్ల మీద ఉత్తర అమెరికాలో చేసిన నాసెట్ పరిశోధన ఫలితాలు 1991లో వచ్చాయి. మందులతోనే ఉన్నవాళ్లలో రెండేళ్లలో నూటికి 26 మందికి ఆ ధమని ఉన్న వైపు మెదడు దెబ్బతిని పక్షవాతం వచ్చింది. ధమనిలోని పూడిక తీసే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 9 మందికే. ఇప్పటి మందులు అప్పటికన్నా మెరుగనుకోండి.

అయితే సందు బాగుంటే గోడ బాగున్నట్టేనా? తుంగభద్ర దిగువ కాలువలో పూడిక పడితే పారే నీళ్లను చూసి పసిగట్టొచ్చు. ధమనిలో అలా కుదరదు. గోడలో కొవ్వు పేరుకునేకొద్దీ ముందు గోడే బయటికి ఉబ్బుతుంది. గుండె ధమనుల్లో ఈ సంగతిని గ్లాగోవ్ బృందం 1987లో చూపించింది: పూడిక దాదాపు 40 శాతం చోటు ఆక్రమించేదాకా సందు తగ్గదు. అందుకే ఇప్పుడు ఎంఆర్ఐతో గోడనే చూస్తున్నారు. లోపల మెత్తటి కొవ్వు ముద్ద ఉందా, దానిపై పొర పలచబడిందా, గోడలోనే రక్తం చిమ్మిందా అన్నది తెలుస్తుంది. రక్తం చిమ్మిన పూడిక చిన్నదైనా నమ్మరానిదే. పైగా ఆసియావాసుల్లో పుర్రె లోపలి ధమనులు పూడుకోవడం ఎక్కువ. మెడ మీద పెట్టిన ప్రోబ్‌కు అవి అందవు.

అలాగని ఏ లక్షణమూ లేనివాళ్లు ప్యాకేజీలో వస్తోంది కదా అని మెడ స్కాన్‌కు ఎగబడటం దండగ. అలాంటివాళ్లకు మూకుమ్మడిగా ఈ పరీక్ష వద్దని అమెరికా నిపుణుల సంఘం 2021లో మరోసారి చెప్పింది. వాళ్లు బీపీ, షుగర్ చూపించుకుని బీడీ మానేస్తే మేలు.

లక్షణం కనిపించినవాళ్ల సంగతి వేరు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రి దాదాపు వంద కిలోమీటర్లు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు లక్షణం మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యండి. ఆస్పత్రికి చేరేలోపే తగ్గిపోయినా సరే, వెనక్కి రాకండి.