డ్యాన్స్‌ చేస్తాను.. కానీ నా ఇష్టం!

మిషిగన్‌లోని ట్రాయ్‌లో అక్టోబర్‌ వచ్చిందంటే ఇంటింటా దీపావళి కార్యక్రమం రిహార్సల్సే. ఆ శనివారం నేనూ తొమ్మిదో గ్రేడ్‌ చదివే మా అమ్మాయిని ప్రాక్టీస్‌కు తీసుకెళ్తున్నాను. కారెక్కగానే ఫోన్‌లో ఓ స్పానిష్‌ పాట పెట్టింది. ‘రెగెటోన్‌ కదా, అన్నీ బూతులే అంటారు. ఆపు’ అన్నాను.

‘ఆమె ఏమంటోందో తెలుసా నాన్నా? నీతో డ్యాన్స్‌ చేసినంత మాత్రాన ఇంక దేనికీ ఒప్పుకున్నట్టు కాదు అంటోంది’ అంది. స్కూల్లో స్పానిష్‌ నేర్చుకుంటోంది మరి. అది ప్యూర్టోరికో గాయని ఐవీ క్వీన్‌ పాడిన ‘కియెరో బైలార్‌’. ఇరవై ఏళ్లు దాటిన పాట.

ఆ రాత్రి రెగెటోన్‌ కథ చదివాను. పనామా కాలువ పనులకు వలస వెళ్లిన కరీబియన్‌ కూలీల తర్వాతి తరాలు రెగేను స్పానిష్‌లో పాడటంతో దీనికి బీజం పడింది. 1990ల్లో ప్యూర్టోరికోలోని శాన్‌ హువాన్‌ పేద బస్తీల్లో క్యాసెట్ల ద్వారా పాకింది. 1995లో అక్కడి పోలీసులు దుకాణాలపై దాడిచేసి ఆ క్యాసెట్లు పట్టుకెళ్లారు. 2004లో డాడీ యాంకీ ‘గాసొలీనా’తో ప్రపంచమంతా మోగింది. ఒకప్పుడు సూపర్‌మార్కెట్‌లో సరుకులు సంచుల్లో సర్దిన బ్యాడ్‌ బన్నీ 2020లో ‘యో పెర్రెయో సోలా’ పాడాడు. అమ్మాయి తన మానాన తాను ఆడుకుంటుంటే వదిలేయండి అన్నదే దాని సారం.

అలాగని అన్నీ అలాంటివే కావు. ఆడవాళ్లను వస్తువుల్లా చూపే రెగెటోన్‌ పాటలు కోకొల్లలు. మర్నాడు ఆ మాటే అంటే మా అమ్మాయి ఎదురు ప్రశ్న వేసింది. ‘మన ఫంక్షన్లలో డ్యాన్స్‌ చేయించే సినిమా పాటల్లో వద్దంటున్నా హీరో వెంటపడతాడుగా? అవెందుకు ఓకే?’

నాకు నోట మాట రాలేదు. ఆ డ్యాన్సుల వీడియోలు తీసి వాట్సాప్‌లో ఊరికి పంపింది నేనే.

ఇంకో సంగతీ గుచ్చుకుంది. ఆ వారమే స్కూల్లో హోమ్‌కమింగ్‌ డ్యాన్స్‌. వెళ్లొద్దని అప్పటికే చెప్పేశాం, కారణం చెప్పలేదు. ఎవరైనా ఇబ్బంది పెడితే గట్టిగా వద్దనగలదా అన్నదే నా భయం. కానీ పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని చిన్నప్పటి నుంచి నూరిపోసింది మేమే. ఇంట్లో అననివ్వని ‘వద్దు’ బయట ఎలా వస్తుంది?

చివరికి పంపించాం. కారు దిగేటప్పుడు ‘నచ్చకపోతే వద్దని చెప్పు. వినకపోతే వెంటనే ఫోన్‌ చెయ్యి’ అన్నాను. ‘తెలుసు నాన్నా’ అంటూ వెళ్లింది. రాత్రి పది దాకా పార్కింగ్‌ లాట్‌లోనే కూర్చున్నాను. ఫోన్‌ రాలేదు. నవ్వుతూ తిరిగొచ్చి కారెక్కి, పాట పెట్టింది. ఈసారి ఆపమనలేదు. ‘ఇందులో ఏమంటున్నారు?’ అని అడిగాను.