వీసా కన్సల్టెంట్‌కు లైసెన్స్ ఉందా? డబ్బు కట్టకముందే చూసుకోవాలి

కెనడా వెళ్లాలనుకునే అబ్బాయి ఉన్న ఇంట్లో ముందు వినిపించే ప్రశ్న ‘ఎంత అవుతుంది?’ ఆ తర్వాత ‘ఎన్నాళ్లు పడుతుంది?’ ఫైలు చేతికి తీసుకునే మనిషికి అసలు ఆ పని చేసే హక్కు ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. అమ్మీ నగలు తాకట్టు పెట్టి, అబ్బా పీఎఫ్ తీసి కట్టే సొమ్ముకు అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే.

ఎవరికి హక్కు ఉంది?

కెనడా చట్టం ప్రకారం డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం, దరఖాస్తు నడపడం అందరూ చేయకూడదు. అక్కడి లాయర్లు, క్యూబెక్ నోటరీలు, ‘కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్’ లైసెన్స్ ఉన్నవాళ్లు ప్రధానంగా ఆ పని చేయవచ్చు. ఈ లైసెన్స్ ఉన్న కన్సల్టెంట్లను ఆర్‌సీఐసీలు అంటారు. పేరులో కాలేజ్ ఉన్నా అది చదువు చెప్పే చోటు కాదు. మన దగ్గర డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్ ఎలాగో, కన్సల్టెంట్లకు ఇది అలాగ. అంతకుముందున్న రెండు సంస్థలకు తగిన అధికారాలు లేవన్న విమర్శల తర్వాత, 2021 నవంబర్‌లో చట్టబద్ధంగా ఇది మొదలైంది.

బంధువులో, స్నేహితుడో పైసా తీసుకోకుండా ఫారాలు నింపడంలో సాయం చేస్తే తప్పు లేదు. ఫీజు తీసుకుంటే మాత్రం లైసెన్స్ ఉండాల్సిందే. కాలేజీలో అడ్మిషన్ ఇప్పించే ఏజెంట్లకూ ఇదే వర్తిస్తుంది. సీటు వరకు సాయం చేయొచ్చు కానీ, లైసెన్స్ లేకుండా స్టడీ పర్మిట్ మీద డబ్బుకు సలహా ఇవ్వకూడదు.

లైసెన్స్ వల్ల ఏమిటి తేడా?

కన్సల్టెంట్ వైపు చూస్తే బరువు ఎక్కువే. ప్రత్యేక డిప్లొమా చదవాలి, పరీక్ష పాసవ్వాలి, ఏటా ఫీజు కట్టాలి, వృత్తిపరమైన ఇన్సూరెన్స్ తీసుకోవాలి. ఈ ఖర్చంతా చివరికి క్లయింటు ఫీజులోనే కలుస్తుంది. అందుకే పక్క వీధి ఏజెంటు చవకగా కనిపిస్తాడు.

కానీ ఆ ఫీజుకు కొన్ని హక్కులు వస్తాయి. చేసే పని, తీసుకునే డబ్బు రాతపూర్వక ఒప్పందంలో ఉండాలి. తప్పు చేస్తే కాలేజ్‌కు ఫిర్యాదు చేయొచ్చు. విచారణలో రుజువైతే లైసెన్స్ సస్పెండ్ కావచ్చు, రద్దు కావచ్చు. లైసెన్స్ లేని మనిషి హైదరాబాద్‌లో ఆఫీసు పెట్టుకుని కూర్చుంటే అతని మీద కాలేజ్ క్రమశిక్షణ చర్యలు తీసుకునే వీలుండదు. ఇక్కడి పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడమే మిగులుతుంది.

లైసెన్స్ ఉన్నంత మాత్రాన వీసా వస్తుందని కాదు. నిర్ణయం అధికారులది. ‘వంద శాతం గ్యారంటీ’ అని ఎవరు చెప్పినా, లైసెన్స్ ఉన్నా లేకున్నా, అక్కడే ఆగిపోవాలి.

తప్పు ఎవరిదైనా సంతకం మీది

దరఖాస్తులో మీ తరఫున ఎవరు పనిచేస్తున్నారో ఐఎంఎం 5476 అనే ఫారంలో చెప్పాలి. లైసెన్స్ లేనివాళ్లు ఇక్కడే పేరు దాచుకుంటారు. ‘మీరే వేసినట్టు ఉంచుదాం’ అంటారు. ఫైల్లో దొంగ బ్యాంకు స్టేట్‌మెంటో, నకిలీ ఉద్యోగ లెటరో దొరికితే ఏజెంటు పేరు ఎక్కడా ఉండదు. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు దరఖాస్తుదారుపైనే ఐదేళ్ల నిషేధం పడొచ్చు.

పంజాబ్ విద్యార్థుల ఉదంతం ఇందుకు ఉదాహరణ. ఏజెంటు ఇచ్చిన అడ్మిషన్ లెటర్లు నకిలీవని వాళ్లలో చాలామందికి చదువు అయ్యాక, పీఆర్‌కు దరఖాస్తు చేసుకున్నప్పుడే తెలిసింది. 2023లో బహిష్కరణ ముప్పు ఎదురైంది. నిజంగా మోసపోయినవాళ్లను పంపించబోమని ప్రభుత్వం చెప్పినా, ఒక్కొక్కరూ తమ నిజాయితీని విడివిడిగా నిరూపించుకోవాల్సి వచ్చింది. ఆ ఏజెంటుకు 2024లో కెనడా కోర్టు మూడేళ్ల జైలు శిక్ష వేసింది.

ఎలా చూసుకోవాలి?

కాలేజ్ వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచి ఉన్న రిజిస్టర్ ఉంటుంది. ఆర్ అక్షరంతో మొదలయ్యే లైసెన్స్ నంబరు అడిగి, అందులో వెతకాలి. పేరు సరిపోయిందా, లైసెన్స్ ఇప్పుడు అమల్లో ఉందా, సస్పెన్షన్‌లో ఉందా చూడాలి. గోడ మీద వేలాడే సర్టిఫికెట్ చాలదు. ‘మా సార్ కెనడాలో ఉంటారు’ అంటే, ఆ సార్‌తో ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడించమనాలి. ఒప్పందం మీద, ఫారం మీద ఆయన పేరే ఉండాలి.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు

గల్ఫ్ ఉద్యోగాలకు లైసెన్స్ ఇచ్చేది మన కేంద్ర ప్రభుత్వమే. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు మాత్రమే మనుషులను పంపాలి. ఆ పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. ఒక్కొక్కరి దగ్గర తీసుకోగల సర్వీస్ చార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగినా, ‘ముందు విజిట్ వీసాపై వెళ్లండి, అక్కడ మార్పిద్దాం’ అన్నా ఒప్పుకోవద్దు. అనుమానం ఉంటే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో అడగొచ్చు.

ఎక్కడికి వెళ్లినా రసీదు తీసుకోవాలి. ఒరిజినల్ పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర వదిలి రాకూడదు. దరఖాస్తు పంపేముందు ప్రతి పేజీ చదవాలి, ఇంగ్లిష్ రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లలతో చదివించుకుని, ఒక కాపీ దగ్గర పెట్టుకోవాలి. ఏజెంటు చేతిలో పెట్టేది డబ్బు ఒక్కటే కాదు, పిల్లల భవిష్యత్తు కూడా. అది అమానత్.