పలుకని రహస్యపదము

హైదరాబాదు నగరమునందలి అమీర్‌పేట కంప్యూటరు శిక్షణకు పేరొందిన ప్రదేశము. మైత్రీవనము పరిసరములందలి శిక్షణాలయములలో చదువుటకై యువతీయువకులు దూరప్రాంతములనుండి వచ్చి, సమీపమునగల హాస్టళ్లలో నివసింతురు. అట్టి హాస్టలునందు పెక్కు ఫోనులు ఒకే వైఫై రౌటరును ఆశ్రయించియుండును. వాటన్నిటికిని రహస్యపదము ఒక్కటే.

రేడియో తరంగములు గోడలను దాటి పొరుగింటికిని చేరును. కావున ఫోను తన రహస్యపదమును బాహాటముగా పంపినచో పొరుగువారును దానిని గ్రహింపగలరు. మరి పదమును పలుకకయే, అది తనకు తెలియునని ఫోను ఎట్లు నిరూపించును?

2004లో వెలువడిన డబ్ల్యూపీఏ2 పద్ధతియందు ఇందులకు చక్కని ఉపాయము గలదు. ఫోను, రౌటరు రెండును వేర్వేరుగా రహస్యపదమును వైఫై పేరుతో కలిపి, 4096 మారులు గణితప్రక్రియకు లోనుచేసి, మూలమైన తాళపుచెవి నొకదానిని సిద్ధపరచుకొనును. పిమ్మట రౌటరు అప్పటికప్పుడు ఎంచుకొన్న యొక సంఖ్యను పంపును. ఫోనును ఒక సంఖ్యను ఎంచుకొని, ఆ రెండు సంఖ్యలను మూలపు చెవితో కలిపి, ఆ పూటకు మాత్రమే చెల్లు క్రొత్త చెవిని చేయును. దానితో ఒక ముద్రను గణించి, తన సంఖ్యతోపాటు పంపును. రౌటరును అట్లే గణించి చూచును. ముద్రలు సరిపోలినచో ఫోను నమ్మదగినదని తేలును. తరువాత రౌటరు తన ముద్రను పంపి, తానును నకిలీ కాదని నిరూపించుకొనును. అందినదని ఫోను బదులిచ్చును. ఇట్లు నాలుగు సందేశములతో పరిచయము ముగియును. రహస్యపదము మాత్రము ఒక్కసారియైనను గాలిలోనికి రాదు.

అయినను ఇందు లోపములు లేకపోలేదు. ఆ సందేశములను పట్టి దాచుకొన్నవాడు తీరికగా ఒక్కొక్క పదమును ఊహించి, ముద్రతో సరిచూచుకొనవచ్చును. 12345678 వంటి పదము క్షణములో బయటపడును. పదము ముందే తెలిసినవాడు ఆ సందేశములను గ్రహించినచో, తోడివారి పూటచెవిని సైతము గణింపగలడు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ రెండు లోపములను సవరించినది. అందు ప్రతి ఊహను రౌటరుతోనే పరీక్షించుకొనవలెను.

ఈ పదమునకు 8 మొదలు 63 వరకు అక్షరములుండవచ్చును. అది దీర్ఘమైనకొలది ఊహకు అందదు. హాస్టలును విడిచిపోయినవారితో రహస్యపదమును వెళ్లును. అందుచే దానిని అప్పుడప్పుడు మార్చుట అవసరము. ఆరు చెవులబడిన మంత్రము నిలువదని పెద్దలందురు. యంత్రములు రహస్యమును పలుకకుండ కాపాడినను, మనుష్యులు పలికినచో ఆ శ్రమ యంతయు వ్యర్థమగును.