సెట్టు చార్మినార్, అసలు బురుజు

హుస్నాబాద్ బస్టాండు దగ్గరి చాయ్ దుకాణంలో మొన్నో పంచాయితీ నడిచింది. ‘దసరా సినిమా మొత్తం గోదావరిఖనిలనే తీసిర్రు’ అని ఒకడు. ‘అదంత సెట్టింగు రా బై’ అని ఇంకొకడు. చాయ్ చల్లారింది గానీ పంచాయితీ తెగలేదు.

ఇంటికొచ్చి పటం ముందేసుకున్నాను. కథ జరిగిన చోటుకు ఎర్ర చుక్క, కెమెరా పెట్టిన చోటుకు నీలం, జనం చూడబోయే చోటుకు ఆకుపచ్చ. గుర్తొచ్చిన సినిమాకల్లా చుక్కలు పెట్టుకుంటూ పోతే, మూడూ ఒక్కచోట పడ్డవి చాలా తక్కువ.

అపోహ: తెర మీద ఏ ఊరు పేరు చెబితే షూటింగ్ అక్కడే.

వాస్తవం: చాయ్ దుకాణంలో రెండోవాడిదే పైచేయి. ‘దసరా’ (2023) కథ బొగ్గుబావుల పక్క పల్లెది. ఆ పల్లెను మాత్రం హైదరాబాద్ శివార్లలో పెద్ద సెట్టుగా కట్టుకున్నారు. అదే ఏడాది వచ్చిన ‘బలగం’ అట్లా కాదు. దర్శకుడు వేణు యెల్దండిది సిరిసిల్ల ప్రాంతమే, తీసిందీ అక్కడి పల్లెల్లోనే. ‘ఫిదా’ (2017) కూడా అంతే, కథా బాన్సువాడది, కెమెరా పెట్టిందీ బాన్సువాడలో. ‘పుష్ప’ (2021) దగ్గరికొస్తే ఎర్రచందనం శేషాచలానిది, తెర మీది అడవి చాలావరకు మారేడుమిల్లిది. రెంటికీ నడుమ వందల కిలోమీటర్లు. ‘నాటు నాటు’ ఇంకా దూరం పోయింది. బ్రిటిష్ కాలపు ఢిల్లీ అనుకుని మనం చప్పట్లు కొట్టిన ఆ భవనం ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మరీన్‌స్కీ ప్యాలెస్, ఆ దేశాధ్యక్షుడి అధికార భవనం. 2021 ఆగస్టులో అక్కడ పాట తీశారు. ఆర్నెల్లు తిరగ్గానే ఆ నగరం మీద బాంబులు పడ్డాయి.

అపోహ: సినిమావాళ్లు పేరుమోసిన పర్యాటక స్థలాలను వెతుక్కుంటూ వస్తారు.

వాస్తవం: చాలాసార్లు తప్పించుకుని పోతారు. ‘ఒక్కడు’ (2003) సంగతే చూడండి. హీరో మహేష్‌బాబు ఇంటి మిద్దె ఎక్కితే చార్మినార్ కనబడాలి. అసలు చార్మినార్ చుట్టూ గాజుల బండ్లు, ఆటోలు, పండ్లమ్మేవాళ్లు, నమాజుకు పోయేవాళ్లు. అక్కడ రోజుల తరబడి లైట్లు పెట్టుకుని కూర్చుంటే ఊరుకునేదెవరు? పైగా పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం. ముందస్తు అనుమతి, రుసుము, షరతులు. అందుకే దర్శకుడు గుణశేఖర్ బృందం శివార్లలో ఇంకో చార్మినార్ కట్టుకుంది. అదే సినిమాలో కర్నూలు కొండారెడ్డి బురుజు మాత్రం అసలుదే. తమాషా ఏమిటంటే, పదిహేడేళ్ల తర్వాత అదే మహేష్‌బాబు ‘సరిలేరు నీకెవ్వరు’ కోసం మళ్లీ ‘కర్నూలు’ వచ్చినప్పుడు ఆ బురుజు రామోజీ ఫిల్మ్ సిటీలో వేసిన సెట్టు. ఇప్పుడు కర్నూలు పోయి బురుజు ముందు ఫోటో దిగే అభిమానికి ఏ సినిమా మనసులో ఉందో అడిగి చూడాలి.

అపోహ: షూటింగ్ జరిగితే చాలు, టూరిస్టులు వరస కడతారు.

వాస్తవం: జనం కెమెరా వెంట కాదు, కథ వెంట పోతారు. ‘బ్రేవ్‌హార్ట్’ (1995) యుద్ధాలు ఐర్లండ్‌లో తీశారు. సందర్శకులు పెరిగింది కథ జరిగిన స్కాట్లండ్‌లోని, కథానాయకుడు వాలెస్ స్మారకానికి. కెమెరానే నమ్ముకుని నిలిచినవీ లేకపోలేదు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీలో టికెట్టు కొని జనం సెట్లనే చూస్తారు. గోదావరి గట్టున కుమారదేవంలోని ‘సినిమా చెట్టు’ను చూడ్డానికే మనుషులు పోయేవాళ్లు, 2024 ఆగస్టులో అది కూలిపోతే ఊళ్లో మనిషి పోయినట్టే బాధపడ్డారు.

మన వైపు ఉదాహరణ లంబాడిపల్లి. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోదే, కొండగట్టూ ఆ మండలంలోదే. 2012లో శ్రీకాంత్ శ్రీరామ్ మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానల్‌తో ఆ పేరు దేశాలు దాటింది. అక్కడ చూడ్డానికి కోట లేదు, జలపాతం లేదు. ఆ వీడియోల్లో కనబడే గంగవ్వ ఉంది. నా పటంలో మూడు రంగులూ ఒక్కటైన కొద్ది చోట్లలో ఇదొకటి.

ఇక జనం వస్తే ఊరికి లాభమేనన్న మాట సగమే నిజం. ‘ది బీచ్’ (2000) తీసిన థాయ్‌లాండ్ మాయా బేలో పగడపు దిబ్బలు పాడైపోయి 2018 జూన్‌లో మూసేశారు. మళ్లీ తెరిచింది 2022 జనవరిలో. మన పక్కనే సైదాపూర్ మండలం రాయికల్ జలపాతానికి వానాకాలం రీళ్లు చూసి పోయే పిల్లలకు, నాచు పట్టిన బండ కాలికింద ఎట్లా జారుతుందో ఆ రీళ్లు చెప్పవు.

ఒక సాయంత్రం మా ఎల్లమ్మ చెరువు కట్ట మీద ప్రీ వెడ్డింగ్ షూట్ జరుగుతోంది. ‘అన్నా, గా కరెంటు స్తంభం వస్తలేదు గదా?’ అని పెళ్లికొడుకు అడుగుతున్నాడు. కెమెరా పిల్లగాడు రెండడుగులు ఎడమకు జరిగాడు. స్తంభం పోయింది, బర్రెలు పోయినయ్, గుడి పోయింది. నీళ్లు, రెండు తాటిచెట్లు, పొద్దుగూకే ఎరుపు మిగిలాయి. వారం తర్వాత ఎవరో ఆ వీడియో పంపారు. కింద లొకేషన్ అని రాసిన చోట కేరళ అని ఉంది.