వార్తల్లో పదం: కోచ్ డోర్లు, కనిపించని బందులు

మామూలు కారు తలుపును ముందు అంచున బిగిస్తారు. రోల్స్ రాయిస్ ఫాంటమ్ వెనక తలుపులకు మాత్రం బందులు వెనకవైపు ఉంటాయి. ఇవే కోచ్ డోర్లు. వీటికి సూసైడ్ డోర్లనే పాత పేరు ఊరికే రాలేదు: పరుగులో లాక్ ఊడితే ఎదురుగాలికి తలుపు బార్లా తెరుచుకునేది.

చాలా పాత కార్లలో ఈ మడతబందులు బయటికే కనిపించేవి. ఒక తలుపుకున్న బందుల పిన్నులన్నీ ఒకే తిన్నని గీతలో ఉండాలి, లేదంటే తలుపు బిగుసుకుపోతుంది. ఒంపు తిరిగిన బాడీలో ఆ గీతను లోపల ఇమడ్చడం కష్టం. దాచాలంటే బాతు మెడలా వంగిన ఇనుప చేయి కావాలి. దాన్ని గూస్‌నెక్ బందు అంటారు. దాని ఒక కొసను తలుపు పక్కనున్న బాడీ స్తంభం లోపల, రెండో కొసను తలుపు చట్రానికి బిగిస్తారు. తెరవగానే తలుపు అంచు పక్క రేకును గీరకుండా బయటికి జరగాలి. పనితనమంతా తలుపుకీ రేకుకీ మధ్య ఉండే ఆ సన్నని సందులోనే!

1961 లింకన్ కాంటినెంటల్ కారు వెనక తలుపులూ కోచ్ డోర్లే. 2003లో వచ్చిన ఫాంటమ్‌లో ఎక్కి కూర్చుని బటన్ నొక్కితే చాలు, మోటారే తలుపు మూస్తుంది.